దుడుకుపిల్లల చదువులు: వీధియరుగు, ఇల్లు, చెట్టుకొమ్మ

1826వ సంవత్సరము మార్చి 10వ తేదీన చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో, తన యేలుబడిలోని జిల్లాలలో దేశీయులు తమ పిల్లలకు చదువు చెప్పించుకొను తీరును గూర్చి, అంతకు నాలుగేండ్ల ముందు కలెక్టరులకు పంపిన ప్రశ్నలకు వచ్చిన సమాధానములను ముందుంచుకొని, ఒక విమర్శపత్రమును వ్రాసెను. రాజధాని యంతటను 12,498 బడులున్నవనియు, జనసంఖ్య ఒక కోటి ఇరువదియెనిమిది లక్షలకు పైబడి యున్నదనియు, కనుక ఇంచుమించు వెయ్యిమందికొక బడి లెక్కకు వచ్చుచున్నదనియు అందు చూపెను. విద్యాచరిత్ర వ్రాయువారు పలుమారు ఉదాహరించునది ఈ లెక్కనే. కాని ఆ పత్రములోనే, అంతగా ఎవరి కంటను పడని మఱియొక విషయము కలదు. చెన్నపట్టణములో బడికి పోక ఇంటనే చదువుకొను బాలురు ఇరువదియాఱు వేలకు పైచిలుకనియు, అది బడులలోని బాలుర సంఖ్యకు ఇంచుమించు అయిదురెట్లనియు ఆయన వ్రాసెను. ఆ సంఖ్యలో ఏదో పొరపాటుండవచ్చునని ఆయనయే శంకించెను. ఐనను, బంధువులో ప్రత్యేకోపాధ్యాయులో పిల్లలకు ఇంటనే చదువు చెప్పు ఆచారము దేశమున ఏ మూలను అరుదు కాదనియు, జిల్లాలనుండి ఆ లెక్క రాలేదు గనుక, చదువుకొను మగపిల్లలు నాలుగవవంతునకు మించి మూడవవంతునకు దగ్గరగా నుందురనియు ఆయన తలంచెను.

ఇంటిచదువనగానే ఇప్పటివారికి అది ఏదో నూతనమైన తలంపువలె తోచుచున్నది. బడిబల్లమీద గడియసేపు కుదురుగా కూర్చుండలేని పిల్లవానిని, చెట్టు కనబడిన ఎక్కవలెననియు, నీరు కనబడిన దూకవలెననియు ఉవ్విళ్ళూరెడి పిల్లను, ఇంటనే ఉంచుకొని చదివించుట మేలా యని నేడు తలిదండ్రులు తర్జనభర్జన పడుచున్నారు. మన తాతముత్తాతల కాలమున ఈ ప్రశ్న ఇట్లు పుట్టలేదు. అప్పటి తెలుగునాట బిడ్డ చదువు మూడు చోట్ల సాగుచుండెను: వీధియరుగు మీద, ఇంటి చావడిలో, ఊరి వెలుపల. ఈ మూడింటిలో దుడుకుపిల్లలకు ఏది మేలు చేసెను, ఏది కీడు చేసెను అనునది చరిత్రనుండి కొంతవరకైనను తేల్చుకొనవచ్చును. నాకు తోచినంతలో, పాఠమే కదులుచున్నచోట దుడుకుపిల్లలు రాణించిరి. పాఠము కదలక పిల్లనే కట్టివేసినచోట చెడిరి.

ముందుగా వీధిబడి మాట. బళ్ళారి జిల్లా కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపిన నివేదికవంటిది ఈ విషయమున మఱియొకటి లేదు. ఈయన తెలుగుభాషకు 1816లో వ్యాకరణము వ్రాసి అచ్చువేయించిన పండితుడు. ఊరక లెక్కలు పంపి చేతులు దులుపుకొనక, బడిలోనికి తొంగిచూచినవాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురపు సీమయు చేరియుండెను. అందు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. బడులలో 226 తెలుగువి, 235 కన్నడమువి.

అయిదవయేట అక్షరాభ్యాసము. అయ్యవారిని, బడిపిల్లలనందరిని ఇంటికి పిలిచి, విఘ్నేశ్వరుని ప్రతిమచుట్టు కూర్చుండబెట్టి, పూజచేసి, బియ్యములో బిడ్డచేత వ్రేలితో దేవుని పేరు దిద్దించెడివారు. మఱునాటినుండి బడి. ఉదయము ఆఱు గంటలకే తెరచెడివారు. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవానికి సున్న చుట్టెడివారు, అనగా వానికి మెప్పునులేదు తప్పునులేదు. మూడవవానికి బెత్తముతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చినవానికెల్ల ఒక్కొక్కటి హెచ్చు. తెల్లవారుజామున ఏటిగట్టున ఉడుతను తరుముచు ప్రొద్దెరుగక నిలిచిపోయిన పిల్లవానికి ఆ దినమున ఎన్ని దెబ్బలు పడియుండునో చదువరులే ఊహింపవచ్చును.

అక్షరములు నేర్పు పద్ధతి మాత్రము మెచ్చదగినది. నేలమీద ఇసుక పరచి, వ్రేలితో దిద్దించుచు, చేతికి అక్షరము పట్టుపడిన పిదపనే పలకగాని తాటాకుగాని ఇచ్చెడివారు. పలక యనగా రమారమి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చెక్క. దానిని నునుపుచేసి, అన్నపుమెతుకులును బొగ్గుపొడియు కలిపి పూయగా నల్లబడి వ్రాతకు పనికివచ్చును. గుడ్డను గంజితో బిరుసుచేసి, పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును బంకయు పట్టించినది కడితము. ఈ రెంటిమీదను బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. తాటాకుమీద గంటము పట్టుట అటుపైని మాట. చేయి, వ్రేలు, మోకాలు, నేల అన్నియు పనిచేయుచు అక్షరము వచ్చెడిది. అయిదేండ్ల చురుకుపిల్లవానికి ఇంతకంటె అనుకూలమైన ఆరంభము నేను ఊహింపలేకున్నాను. పై తరగతి పిల్లలు క్రింది తరగతివారికి చెప్పుచు తమ చదువును గట్టిపరచుకొనుట మఱియొక విశేషము. చెన్నపట్టణములో సైనికుల అనాథబాలుర శరణాలయమునకు 1789లో అధికారియైన డాక్టరు ఆండ్రూ బెల్, ఇసుకలో వ్రాయు దేశీయబాలురను చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. ఇంగ్లండులో వేలకొలది పేదపిల్లలు ఆ తీరున చదువుకొనిరి. మన అరుగులమీది పద్ధతి అనుకరింపదగినదే యని క్యాంబెలును ఒప్పుకొనెను.

అయినను ఆరంభమున ఇసుకలో ఇంత స్వేచ్ఛనిచ్చిన బడియే, పిల్లవాడు ఎదిగినకొలది వానిని బిగింపసాగెను. ఎక్కాలు, వీసముల లెక్కలు, అమరము, శతకములు అన్నియు నోటికి రావలెను, అర్థముతో పనిలేదు. కూర్చున్నచోటనుండి లేవరాదు. లేచినవానికి శిక్ష. సోమరిని కొట్టుటయే కాక, రెండు చేతులు కట్టి కప్పుకు వ్రేలాడదీయుదురనియు, విడువకుండ లేచుచు కూర్చుండునట్లు చేయుదురనియు క్యాంబెల్ వ్రాసెను. మొదటిది మన పెద్దలందరు చెప్పు కోదండము, రెండవది గుంజిళ్ళు. ఇవి గాక తొడపాశము, గోడకుర్చీ, పారిపోవు పిల్లవాని కాలికి గొలుసుతో తగిలించెడి బొండకొయ్య కలవు. బడిదొంగను పట్టితెచ్చుటకు నలుగురు పెద్దపిల్లలు బయలుదేరి, వాడు ఏ గడ్డివామి చాటుననో ఏ మామిడితోపులోనో దాగియుండగా వెదకి, కాళ్ళు ఇద్దరు చేతులు ఇద్దరు పట్టి ఊరేగింపుగా మోసికొని వచ్చెడివారు.

ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. కోదండమెక్కినవారందరు మందమతులు కారు. జ్ఞాపకశక్తి చాలనివాడు మూల కూర్చుండి ఏడ్చును గాని గోడ దూకి పారిపోడు. గోడ దూకువాడు, తోపులో దాగి నలుగురు పెద్దపిల్లలను ప్రొద్దస్తమానము తిప్పువాడు, ఊరి పొలిమేరలన్నియు ఎఱిగినవాడు, ధైర్యశాలి, ఉపాయశాలి. వాని శక్తికి బడిలో పనిలేకపోయెను. కావుననే అది దోషముగా లెక్కకువచ్చెను. ఆ కాలపు అయ్యవార్లను నిందించుట నా యుద్దేశము కాదు. మొదట నెలకు పావురూపాయి, కాగితముమీద వ్రాతకును పెద్దలెక్కలకును వచ్చిన పిదప అరరూపాయి జీతముతో, పండ్రెండుమంది పిల్లలను పెట్టుకొని, తానును అర్ధాకలితో జీవించెడి వానినుండి ఇంతకంటె ఏమి కోరగలము? దేశము నానాటికి దరిద్రమగుచుండుటచే, పూర్వము బడులుండిన పల్లెలలో ఇప్పుడు బడియే లేకపోయెనని క్యాంబెల్ బాధపడి వ్రాసిన మాట మఱువరానిది. ఐనను శిక్ష శిక్షయే. పసివాని భుజములు గూడు వీడునంతవరకు వ్రేలాడదీయుటను ఏ పేదరికమును సమర్థింపజాలదు.

ఆ బడియందే ఏటికొకమారు పిల్లల దుడుకుదనమునకు పట్టాభిషేకము జరిగెడి పండుగ దసరా. కొత్తబట్టలు కట్టి, రంగుకాగితములంటించిన విల్లంబులును గిలకలును చేతబట్టి, పిల్లలు అయ్యవారిని వెంటబెట్టుకొని ఇంటింటికి పోయి పద్యములు పాడెడివారు. గిలకలో బుక్కాయును పూలును నింపి, పాట ముగియగానే ఇంటివారిమీదికి చిమ్మెడివారు. ఒకడు కోతివేషము వేసి ఎగిరెడివాడు. మొన్న కాలికి బొండకొయ్య తగిలించుకొన్నవాడే నేడు ఆ వేషమునకు తగినవాడని అందరును ఒప్పుకొనెడివారు. అయ్యవారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లములు. పది దినములు వీధులన్నియు బడి యయ్యెడివి. తక్కిన సంవత్సరమునందును ఈ పద్ధతిలో పదియవ వంతైనను నిలిచియుండిన, మన వీధిబడుల చరిత్ర వేరుగా వ్రాయబడియుండెడిది.

ఇంటిచదువు మఱియొక రీతిని నడచెను. తెల్లవారకముందే తండ్రి ప్రక్కలో పడుకొన్న పిల్లవానికి మేల్కొలుపు శ్లోకముతో మొదలయ్యెడిది. పొలమునకు పోవుచు తండ్రి ఒక శబ్దము చెప్పును. గట్టుమీద నడచుచు కొడుకు దానిని వల్లించును. తిరిగి వచ్చునప్పటికి ఏడు విభక్తులును వచ్చియుండవలెను. రాత్రి భోజనములైన పిదప తాతగారు ఆముదపుదీపము వెలుతురున బాలరామాయణము చెప్పించును, ఆపైని గజేంద్రమోక్షమో రుక్మిణీకల్యాణమో. కోమటియింట బిడ్డకు కొట్టుగడపయే బడి. కాటా పట్టి తూచుట, చిల్లర లెక్కించుట, చిట్టా ఆవర్జా వ్రాయుట, బేరమాడువాని ముఖము చదువుట అన్నియు పండ్రెండవయేటికి కరతలామలకము. ఇంట చెప్పు తండ్రి కొట్టడనికాదు, కొట్టెడివాడు. కాని ఆ పిల్లవాని స్వభావము అతనికి తెలియును. వీడు కూర్చుండి నేర్వడు, నడచుచు నేర్చును అని తెలిసిన తండ్రి నడిపించుచు నేర్పెడివాడు. పండ్రెండుమందిని ఒక్క అరుగుమీద కూర్చుండబెట్టిన అయ్యవారికి ఆ వెసులుబాటు లేదు.

పెద్దచదువును అధికభాగము ఇండ్లలోనే సాగెను. ఆ కాలపు గుంటూరు నివేదికలో, ధర్మశాస్త్రము, జ్యోతిషము మున్నగునవి చెప్పు చోట్లు 171 అనియు, వానియందు 939 మంది చదువుచున్నారనియు, ఇవి కళాశాలలు కావు, పండితులు తమ ఇండ్లలో జీతము పుచ్చుకొనక చెప్పుచున్న చదువులేయనియు కలదు. ఇంతకుమించి చదువ గోరినవారు కాశికిని, నవద్వీపమునకును పోవుచుండిరట. రైలు లేని కాలమున గుంటూరు మండలమునుండి కాశికి కాలినడక! మీసము రాని కుఱ్ఱవాడు ఒక పంచె, ఒక చెంబు, ఒక తాళపత్రపుకట్ట మూటగట్టి, గోదావరి దాటి, అడవులు దాటి, సత్రములలో తిని, మధ్యమధ్య దొరికిన పండితునికడ నాలుగు నెలలు నిలిచి, మఱల నడచి, ఏండ్ల పిదప తిరిగివచ్చుట సామాన్యము కాదు. ఇంటినుండి పారిపోవు బుద్ధిగల దుడుకువానికి, పారిపోవుటయే చదువుగా మారెడి యీ దారిని మన పూర్వులు తెరచియుంచిరి. అది అన్ని కులములవారికి తెరచియుండలేదు. ఆ సంగతి క్రింద చెప్పెదను.

మూడవ చోటు, ఊరి వెలుపల. చింతతోపులలో మధ్యాహ్నవేళ కోతికొమ్మచ్చి ఆడు పిల్లలను చూచినవారికి ఇది తెలియును. చెట్టుక్రింద ఒక గిరి గీయుదురు. ఒకడు కాలెత్తి, దానిక్రిందనుండి కఱ్ఱను దూరముగా విసరును. దొంగ పరుగెత్తి ఆ కఱ్ఱను తెచ్చి గిరిలో పెట్టునంతలో తక్కినవారందరు కొమ్మలకెక్కుదురు. ఇక దొంగకు రెండు పనులు: కొమ్మలమీదివారిని అంటుకొనవలెను, క్రింద కఱ్ఱను కాపాడుకొనవలెను. వాడొక కొమ్మకు ఎక్కినంతనే మఱొక కొమ్మనుండి ఒకడు జారి, ఉరికి, కఱ్ఱను తాకును. ఏ కొమ్మ ఎంత బరువు ఓర్చును, మునగకొమ్మ ఎందుకు నమ్మరాదు, చింతకొమ్మ ఎందుకు వంగునే గాని విరుగదు, ఎంత యెత్తునుండి దూకినచో మోకాలు వంచి దిగవలెను అనునవి యే పుస్తకమునను లేవు. పిల్లలు పిల్లలకు నేర్పిరి. చెడుగుడులో ఊపిరి బిగించుట, బిళ్ళంగోడులో దెబ్బకు దూరమునకు లెక్క కట్టుట, చెరువులో బెండుకట్ట నడుమునకు కట్టుకొని ఈత నేర్చుట ఇవన్నియు ఈ బడిలోని పాఠములే.

తెలుగువారు తమ వీరగాథలలోనే ఇట్టి బాలునికి స్థానమిచ్చిరి. పలనాటి బాలచంద్రుని కథ అందరెఱిగినదే. యుద్ధపువార్త కొడుకు చెవిని పడనీయక తల్లి ఐతాంబ ఇంట దాచియుంచగా, బాలుడు బొంగరములాటకు వీధికి వచ్చెను. ఆ బొంగరము అన్నమ్మ యను స్త్రీ కాలికి తగులుటయు, పెద్దలు కారెమపూడి కదనరంగమున నుండగా నీవిచ్చట ఆడుకొనుచుంటివా యని ఆమె ఎత్తిపొడుచుటయు, బాలుడు యుద్ధమునకు కదలుటయు కథలోని ఘట్టములు. తన బిడ్డ ఉడుకునెత్తురును ఎఱిగి దానిని ఇంట అణచియుంచబోయిన తల్లి ఆవేదనను మన గాయకులు ఎంత కరుణతో పాడిరో, ఆ ఉడుకునెత్తురును అంత గౌరవముతో పాడిరి. బమ్మెర పోతన దశమస్కంధములో గోపబాలురు చల్దులారగించు ఘట్టము చదివినను ఇదే తోచును. ఒకరి చిక్కమునొకరు దాచుట, వ్రేళ్ళసందుల ఊరుగాయ ఇరికించుకొని తినుట, లేగలవెంట పరుగెత్తుట, ఇవి పుస్తకములనుండి ఎత్తుకొన్న వర్ణనలవలె ఉండవు. ఓరుగల్లు సీమలో పసులకాపరి పిల్లలను చూచి వ్రాసినవానివలె ఉండును.

కాని పసులకాపరితనమును పొగడునప్పుడు మనము జాగ్రత్త పడవలెను. పదేండ్లకే ఆసామియింట జీతమునకు కుదిరి, ఏటికి ఇన్ని ధాన్యపు కుంచములని తండ్రి అప్పుకు చెల్లుబెట్టబడి, ఎండలో వానలో పశువులవెంట తిరిగిన పాలేరు పిల్లవానిది చదువు కాదు, వెట్టి. వానికి గడ్డిజాతులు తెలిసెను, వాగులోతు తెలిసెను, తోడేలు జాడ తెలిసెను. కాని తన తండ్రి వేలిముద్ర వేసిన పత్రములో ఏమున్నదో తెలియలేదు. మాలమాదిగ పల్లెలలోని పిల్లలను వీధియరుగుమీదికి రానిచ్చినవారు అరుదు. ఇంటిచదువునకు ఇంటనే అక్షరముండవలెను గదా! అది లేనియింట ఎంత చురుకుదనమైనను కాయకష్టమునకే ఖర్చయ్యెను.

కులవృత్తుల యిండ్లలో మాత్రము పనియు చదువును ఒకటిగా పెనవేసికొనియుండెను. సాలెవారి పిల్ల కండెలు చుట్టుటతో మొదలిడి, పడుగులో పోగులు లెక్కించుటతో గణితము నేర్చెను. సముద్రపుటొడ్డు పిల్లవాడు తెప్పమీద తండ్రి ముందర కూర్చుండి, గాలివాటమును నీటిరంగును చదువనేర్చెను.

వీనియన్నింటిలోను దుడుకుపిల్లలకు అన్నివిధముల తగిన ఇంటిచదువు ఏదని నన్నడిగినచో, నేను కూచిపూడి భాగవతుల యిండ్లను చూపుదును. కృష్ణామండలము దివిసీమలోని ఆ యగ్రహారములో మగబిడ్డ అయిదాఱేండ్ల వయసున అడవులు, అనగా నాట్యపుటడుగులు, త్రొక్కుట ఆరంభించెడివాడు. ప్రొద్దున దేహసాధన, పిదప సంస్కృతశ్లోకము, సాయంకాలము సంగీతము, రాత్రి పెద్దల ప్రదర్శనమును చూచుట. శ్లోకమునకు ముద్ర కలదు, ముద్రకు నడక కలదు, నడకకు తాళము కలదు. కుదురుగా కూర్చుండుమని చెప్పవలసిన అవసరమే లేదు. ఆ కుటుంబములలో పుట్టిన ప్రతి మగవాడు జీవితమున ఒక్కమారైనను సత్యభామవేషము కట్టవలెనని సంప్రదాయము. పంటలు ఇంటికి వచ్చిన పిదప మేళము కట్టి ఊరూరు తిరుగుటలో పిల్లలును వెంటనుండిరి. కాగడాల వెలుతురులో, గుగ్గిలపు మంట భగ్గుమనగా పాత్ర ప్రవేశించు ఆ రాత్రులలో, పదేండ్ల బాలుడు వేయిమంది ముందర జంకక నిలుచుట నేర్చెను.

కడప మండలములోని సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకమాడించుటతో పుట్టిన సురభి సమాజములదియు ఇట్టిదే. కూచిపూడిలో స్త్రీలు రంగమెక్కని కాలమున, సురభివారు తమ యింటి ఆడవారిచేతనే స్త్రీపాత్రలు వేయించిరి. కావున ఆడపిల్లలకును ఆ చదువు దక్కెను. కుటుంబమంతయు నాటకసమాజమే, బండ్లమీద తెరలు, కిరీటములు, వంటపాత్రలు, ఊయలలు కలిసి ప్రయాణము చేసెను. నడక వచ్చిన బిడ్డ బాలకృష్ణుడు, కొంచెము ఎదిగిన లోహితుడు, ఇంకను ఎదిగిన ప్రహ్లాదుడు. మాయాబజారు ఆడునాడు తీగలమీద ఎగురు పాత్రలను, క్షణములో మారు తెరలను పెద్దలతోపాటు నడపుచు, పద్యము, రాగము, వడ్రంగము, రంగులు కలుపుట, దీపములమర్చుట అన్నియు వారు నేర్చుకొనిరి.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పక తప్పదు. క్యాంబెల్ లెక్కించిన 6,641 మందిలో ఆడపిల్లలు అరువదిమంది మాత్రమే. తక్కినవారికి ఉన్నది ఇంటిచదువే, అదియు ముగ్గు, పాట, వంట, బొమ్మలకొలువు. తెలంగాణమున బతుకమ్మ దినములలో మాత్రము తంగేడు, గునుగు కోయుటకు పిల్లలు గుట్టలకు, చెలకలకు తెల్లవారకముందే పరుగులు తీసెడివారు. పాముపుట్టలు, ముళ్ళకంపలు లెక్కచేయక ఒడినిండ పూలు తెచ్చెడివారు. అంతటితో సరి. ఈడు వచ్చినంతనే గడప దాటరాదు. కోతికొమ్మచ్చిలో అన్ననోడించిన చెల్లెలు పండ్రెండవయేట అత్తవారింట దొడ్డిగోడల నడుమ మిగిలిపోయెను. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల తెరచినప్పుడు ఎదిరించినవారు, ఆడపిల్లకు ఇంట నేర్పునది చాలునని వాదించిరి. ఇంటిచదువు అను మాటను బిడ్డను ఎదుగనీయకుండుటకును వాడవచ్చునని ఈ చరిత్ర చెప్పుచున్నది. ఇంటిచదువును మెచ్చుకొనువారు దీనిని దాచరాదు.

పందొమ్మిదవ శతాబ్ది నడుమకు వచ్చుసరికి ఈ మూడు చోట్లును మారిపోసాగెను. బట్టీచదువును తప్పుపట్టినది దొరలు మాత్రమే కారు. ఒంగోలునుండి వచ్చి చెన్నపట్టణపు సదరు న్యాయస్థానమున 1815 మొదలు 1829 వరకు దుబాసిగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావుగారు, పిల్లలు అర్థమెఱుగక పద్యములు వల్లించుటను 1820లోనే పాఠ్యపుస్తకసంఘము ముందర గట్టిగా విమర్శించిరి. 1854 ప్రాంతమున నరసాపురము సబ్‌కలెక్టరు టెయిలరు ప్రోత్సాహమున గోదావరి రైతులు తమంతట తాము పన్ను వేసికొని పల్లెబడులు నిలుపుటకు ముందుకువచ్చిరి. ఆ ఔదార్యమును స్మరింపనివాడు కృతఘ్నుడు. ఆ బడులవలన వీధియరుగెక్కనీయని పిల్లలకును క్రమముగా అక్షరము దక్కెను. కోదండము మెల్లమెల్లగా అదృశ్యమయ్యెను.

కాని గంట, బల్ల, హాజరుపట్టీ, తనిఖీదారు వచ్చిరి. ఇసుకలో వ్రేలితో వ్రాయుట పోయి రాతిపలక వచ్చెను. దసరాకు వీధులు తిరుగుట పరువుతక్కువ యనుకొనిరి. తెలంగాణమున 1920 తరువాతి ఏండ్లలో నిజాము ప్రభుత్వము ఖాన్గీబడులకు, అనగా ప్రైవేటుబడులకు, ముందుగా అనుమతి పొందవలెనని నిబంధన పెట్టగా అనేకములైన పల్లెబడులు మూతపడెను. ఆ పిల్లలకు మాతృభాషలో చదువనగా మఱల ఇల్లే దిక్కయ్యెను. కొత్త బడిలో దుడుకుపిల్లవానిని వ్రేలాడదీయలేదు, నిజమే. వానిని తరగతినుండి తప్పించిరి. పాత అయ్యవారు నలుగురిని పంపి వెదకి పట్టితెచ్చెడివాడు. కొత్త హాజరుపట్టీ పేరు కొట్టివేసి ఊరకుండెను. ఈ రెంటిలో ఏది క్రూరమో తేల్చుట నాకు సులభము కాదు.

1822లో మన్రో పంపిన ప్రశ్నలలో బడులెన్ని, పిల్లలెందరు, వారి కులములేవి, చదువు పుస్తకములేవి, జీతములెంత అని యుండెను. బడి విడిచిన పిదప పిల్లలు ఎచ్చటికి పోవుదురు, ఏమి చేయుదురు, ఎవరివద్ద ఏమి నేర్తురు అని ఏ కలెక్టరును అడుగలేదు. కావున మన పిల్లల చదువులో సగము ఏ దఫ్తరములోను ఎక్కకుండ పోయినది. వీధిబడిలో ఇసుకమీద దిద్దినవారు, మేళముతో ఊళ్ళు తిరిగినవారు, తండ్రివెంట గట్టుమీద నడచుచు శబ్దములు వల్లించినవారు చెప్పగా విన్న ముసలివారు మన యిండ్లలో ఇంకను కొందరున్నారు. వారు ఆడిన ఆటల నియమములు, తిన్న దెబ్బలు, నడచిన దారులు, ఎవరు వారికేమి నేర్పిరో ఊరిపేరుతోను వీధిపేరుతోను అడిగి వ్రాసియుంచుడు. ఈ పనికి పండితులు అక్కరలేదు. మనుమలును మనుమరాండ్రును చాలును.